రౌటర్‌కి తన చిరునామా తెలుసా?

తెనాలిలో రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయి పది నిమిషాల్లో వచ్చిందనుకుందాం. ఫ్యాన్లు తిరిగాయి, టీవీ వెలిగింది, ఫైబర్ బాక్స్ మీద పచ్చ లైట్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్ళిద్దరికీ ఏ తేడా తెలియదు. డాలస్‌లో ఆఫీసులో కూర్చున్న కొడుకు ఫోన్లో వాకిలి కెమెరా తెరిస్తే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. "నాన్నా, నెట్ వస్తోందా?" అని ఫోన్ చేస్తాడు. "ఎందుకు రావట్లేదురా, మీ అమ్మ యూట్యూబ్ చూస్తోందిగా" అంటాడాయన. ఇద్దరూ చెప్పేది నిజమే. కెమెరాకి ఏం కాలేదు, రౌటర్‌కి ఏం కాలేదు, పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు. ఇంటర్నెట్ కంపెనీ ఆ ఇంటికిచ్చిన ఐపీ చిరునామా మారింది, అంతే.

దీనికి పాతికేళ్ళ కిందటే మందు కనిపెట్టారు. డైనమిక్ డీఎన్ఎస్ అంటారు. ఇంటికి మారని పేరొకటి పెట్టుకుంటాం. చిరునామా మారినప్పుడల్లా రౌటర్ వెళ్ళి, ఆ పేరుకి ఎదురుగా ఉన్న పాత అంకెని కొట్టేసి కొత్తది రాయిస్తుంది. డాలస్‌లో ఉన్నాయన పేరు మాత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. చాలా రౌటర్ల సెట్టింగుల్లో దీనికి నాలుగు గళ్ళ ఫారం ఉంటుంది: సర్వీసు, హోస్ట్‌నేమ్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. నింపి సేవ్ నొక్కితే పనైపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ నాలుగు గళ్ళూ నింపిన తర్వాత రౌటర్ తనంతట తాను తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది: ఇంతకీ నా చిరునామా ఏమిటి? దీనికి రౌటర్ దగ్గర సరైన జవాబు లేకపోవడం మనం అనుకునేదానికన్నా చాలా మామూలు సంగతి. ఆగిపోయిన డైనమిక్ డీఎన్ఎస్ ఏర్పాట్లని తవ్విచూస్తే ఎక్కువసార్లు తేలేది ఇదే.

ముందు, చిరునామా అసలెందుకు మారాలి? 1981లో రాసుకున్న ఐపీవీ4 నియమాల ప్రకారం చిరునామా అంటే 32 బిట్లు. లెక్కేస్తే సుమారు 429 కోట్ల చిరునామాలు. కొన్ని వందల కంప్యూటర్లున్న రోజుల్లో అది అంతులేని సంపద. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ ఉమ్మడి నిల్వలో మిగిలిన చివరి అయిదు పెద్ద బ్లాకులనీ అయిదు ప్రాంతీయ సంస్థలకి తలా ఒకటి పంచేశారు. మన దేశం ఆసియా పసిఫిక్ సంస్థ ఏప్‌నిక్ కిందికి వస్తుంది. ఆ ఏప్రిల్ 15కే అది చివరి బ్లాకుకి చేరి రేషన్ మొదలుపెట్టింది: ఆ బ్లాకు నుంచి ఏ కంపెనీకైనా గరిష్ఠంగా 1,024 చిరునామాలు. లక్షల కనెక్షన్లున్న కంపెనీకి వెయ్యి చిరునామాలు ఏ మూలకి? అందుకే ఉన్నవాటిని చేతులు మార్చి వాడుకోవడం తప్పనిసరైంది. మారని చిరునామా కావాలంటే స్టాటిక్ ఐపీ పేరుతో నెలనెలా అదనంగా కట్టాలి.

చేతులు మారే పద్ధతి కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్ని కనెక్షన్లు డీహెచ్‌సీపీ మీద నడుస్తాయి. అందులో చిరునామాని లీజుకిస్తారు. గడువు సగం కాగానే రౌటర్ "ఇదే కొనసాగించండి" అని అడుగుతుంది, సాధారణంగా సరే అంటారు. అలాంటి ఇంట్లో నెలల తరబడి ఒకే చిరునామా ఉండిపోవచ్చు. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లు పీపీపీఓఈ మీద ఉంటాయి. కనెక్షన్ పెట్టిన కుర్రాడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి వెళ్ళాడంటే అది ఇదే. ఇది డయలప్ నాటి అలవాటు, డీఎస్ఎల్ మీదుగా ఫైబర్‌లోకి వచ్చింది. 1999లో దీన్ని ఆర్ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరసలో 2516వదిగా ప్రచురించారు. ఇందులో ప్రతి లాగిన్ ఓ కొత్త సెషన్, ప్రతి సెషన్‌కీ కొత్త చిరునామా వచ్చే అవకాశం. కరెంటు పోయినా, ఎవరో తీగ తెంపినా, రౌటర్ రీస్టార్ట్ చేసినా అంతే. జర్మనీలో అయితే చాలాకాలం ఇళ్ళ డీఎస్ఎల్ సెషన్లని 24 గంటలకోసారి కంపెనీయే కావాలని తెంపేది. అక్కడి రౌటర్లలో "ఈ తెగడం తెల్లవారుజామున జరిగేలా చూడు" అనే సెట్టింగు కూడా పెట్టారు. డైనమిక్ డీఎన్ఎస్ సదుపాయాన్ని ఆ దేశపు రౌటర్ కంపెనీలు అంత శ్రద్ధగా తయారుచేశాయంటే ఆశ్చర్యం లేదు.

ఇక పేర్ల సంగతి. డీఎన్ఎస్ రాకముందు ఇంటర్నెట్‌కి పూర్వరూపమైన ఆర్పానెట్‌లో పేర్లూ అంకెలూ అన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. ఎవరి కంప్యూటర్ చిరునామా మారినా ఆఫీసు వేళల్లో ఫోన్ చేసి చెప్పాలి, వాళ్ళు ఫైల్లో దిద్దాలి, మిగతావాళ్ళు ఆ ఫైలుని దించుకోవాలి. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించాక ఆ బరువు వేల సర్వర్ల మీదికి పంచుకుపోయింది. పేరుకి బాధ్యత వహించే సర్వర్ ఒకటుంటుంది. దారిలో ఉన్న సర్వర్లు ఆ జవాబుని కొంతసేపు దాచుకుని, మళ్ళీ అడిగినవాళ్ళకి అక్కడికక్కడే చెప్పేస్తాయి. ఎంతసేపు దాచుకోవచ్చో జవాబుతోపాటే వస్తుంది. దాన్ని టీటీఎల్ అంటారు, సెకన్లలో చెబుతారు. చిరునామాలు ఎప్పుడో గాని మారవన్న నమ్మకం మీద కట్టిన ఏర్పాటు ఇది. సంస్థల వెబ్‌సైట్లకి గంట, రోజు టీటీఎల్ పెట్టినా ఇబ్బంది లేదు. రోజూ మారే ఇంటికి ఒక రోజు టీటీఎల్ పెడితే లోకమంతా నిన్నటి చిరునామా తలుపు తడుతుంది. అందుకే డైనమిక్ డీఎన్ఎస్ సర్వీసులు 60 సెకన్ల వంటి చిన్న టీటీఎల్ పెడతాయి.

పేరు ఎదుట ఉన్న అంకెని యంత్రమే దిద్దుకునేందుకు 1997 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 2136 వచ్చింది. చక్కటి ప్రమాణం అది. తర్వాత దానికి రహస్య తాళంచెవితో సంతకం చేసే పద్ధతీ జతపడింది. పెద్ద సంస్థల లోపలి నెట్‌వర్కుల్లో ఇప్పటికీ వాడతారు. కానీ ఇళ్ళ రౌటర్లలోకి వెళ్ళింది అది కాదు. 1990ల చివర్లో అమెరికాలోని వుస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు కొందరు డిన్‌డీఎన్ఎస్ అనే ఉచిత సేవ మొదలుపెట్టారు. జెరెమీ హిచ్‌కాక్, టామ్ డేలీ వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ పద్ధతి మామూలు వెబ్‌పేజీ అడిగినట్టే ఉంటుంది: ఒక వెబ్ చిరునామా, అందులో హోస్ట్‌నేమ్, కొత్త ఐపీ, పక్కన లాగిన్. జవాబు ఒక్క మాట. 'గుడ్' అంటే రాసుకున్నాం. 'నో ఛేంజ్'ని కుదించిన మాట వస్తే ఇది ఇంతకుముందే ఉంది. 'బ్యాడ్‌ఆథ్' అంటే పాస్‌వర్డ్ తప్పు. '911' అంటే మా దగ్గరే ఏదో తగలబడుతోంది, తర్వాత రండి. ఇది ఏ ప్రమాణాల సంఘమూ కూర్చుని రాసింది కాదు. అయినా ఎన్నో కంపెనీలు దీన్నే అనుకరించాయి, నేటి రౌటర్లూ దీన్నే మాట్లాడుతున్నాయి. ప్రమాణాల చరిత్రలో ఇలాంటివి చాలానే ఉంటాయి. బాగా ఆలోచించి రాసినదాన్ని, సాయంత్రం లోపల రాసి పని జరిపించుకోగలిగింది ఓడిస్తుంది.

అద్దంలో కనపడని ముఖం

రౌటర్‌కి రెండు ముఖాలు. లోపలివైపు ఇంట్లోని ఫోన్లూ టీవీలూ, బయటివైపు కంపెనీ తీగ. బయటివైపు ముఖం మీద ఉన్న చిరునామాని చూసి అదే నా చిరునామా అనుకోవడం రౌటర్‌కి సహజం. కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్స్ ఒక్కటే ఉండి, అదే రౌటర్ పని కూడా చేస్తుంటే ఆ జవాబు నిజమయ్యే అవకాశం ఎక్కువ. కానీ మంచి వైఫై కోసమని దాని వెనక మన సొంత రౌటర్ ఒకటి తగిలించామంటే కథ మారింది. ఇప్పుడు మన రౌటర్ బయటి చిరునామా 192.168తో మొదలవుతుంది. అది 1996లో ఆర్ఎఫ్‌సీ 1918 సొంత నెట్‌వర్కుల కోసం కేటాయించిన చిరునామాల్లోది. ప్రపంచంలో కోట్ల ఇళ్ళలో ఉంటుంది. అమాయకపు రౌటర్ తీసుకెళ్ళి దాన్నే డీఎన్ఎస్‌లో రాయిస్తుంది. సర్వర్ కాదనకుండా 'గుడ్' అంటే, డాలస్‌లో ఆ పేరు కొట్టిన ఫోను అక్కడే ఉన్న ఏ ప్రింటర్‌నో వెతుక్కుంటుంది.

అందుకే రెండో పద్ధతి: బయటికెళ్ళి ఎవరినైనా అడగడం. ఇంటర్నెట్‌లో ఏదైనా వెబ్ సర్వర్‌ని పలకరిస్తే, పలకరింపు ఏ చిరునామా నుంచి వచ్చిందో దానికి తెలుస్తుంది. ఆ అంకెని తిరిగి చెప్పడమే పనిగా పెట్టుకున్న సైట్లున్నాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రౌటర్లలో ఈ ఎంపిక స్పష్టంగా ఉంటుంది: చిరునామాని తీగ దగ్గరే చూసుకోవాలా, వెబ్‌లో అడగాలా, లేక మనం రాసిచ్చిన చిన్న ప్రోగ్రామ్‌ని అడగాలా. దుకాణంలో కొనే మామూలు రౌటర్లలో చాలావరకు ఈ ప్రశ్నే అడగవు. తమకి తోచిన పద్ధతిలో తేల్చుకుని, తెర మీద పచ్చ టిక్కు పెట్టేస్తాయి. నాకు ఆ టిక్కు మీద నమ్మకం తక్కువ. అది "నేను చెప్పాను, వాళ్ళు విన్నారు" అనడానికే సాక్ష్యం. చెప్పింది నిజమో కాదో దానికి తెలియదు.

బయట అడిగి తెలుసుకున్న జవాబు నిజమే అయినా పనికిరాని సందర్భం ఒకటుంది. మన దేశంలో ఇంటర్నెట్ వాడే చాలామంది ఇప్పుడు ఉన్నది దాని కిందే. చిరునామాలు చాలక కంపెనీలు వందల ఇళ్ళని కలిపి ఒకే పబ్లిక్ చిరునామా వెనక పెడుతున్నాయి. క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. వీధిలో అపార్ట్‌మెంట్‌కి ఒకటే డోర్ నంబరు, లోపల నూరు ఫ్లాట్లు, గేటు దగ్గర వాచ్‌మన్. లోపలివాళ్ళు బయటికి పంపిన ఉత్తరానికి జవాబొస్తే ఎవరికివ్వాలో అతనికి గుర్తుంటుంది. పిలవకుండా వచ్చిన మనిషి "మా నాన్నగారిల్లు" అని మాత్రం చెబితే ఏ ఫ్లాటుకి పంపుతాడు? డీఎన్ఎస్‌లో ఆ డోర్ నంబరు తప్పులేకుండా రాయించొచ్చు. సర్వర్ 'గుడ్' అంటుంది, అద్దంలో ముఖం కూడా సరిగ్గానే కనిపిస్తుంది, ఇంటికి మాత్రం ఎవరూ చేరరు.

కనిపెట్టడం తేలికే. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అని ఉన్న అంకెని, ఫోన్లో "నా ఐపీ ఎంత" అని వెతికితే వచ్చే అంకెతో పోల్చాలి; ఆ ఫోను ఇంటి వైఫై మీద ఉండాలి. రెండూ ఒకటైతే దాదాపు ఏ చిక్కూ లేనట్టే. వేరైతే మధ్యలో ఎవరో ఉన్నారు. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది కంపెనీ నాటే: 2012లో ఆర్ఎఫ్‌సీ 6598 సరిగ్గా ఈ పనికోసమే దాదాపు 42 లక్షల చిరునామాలని పక్కన పెట్టింది. కొన్ని కంపెనీలు 10తో మొదలయ్యేవి కూడా ఇస్తాయి. ఈ పరిస్థితుల్లో డైనమిక్ డీఎన్ఎస్‌తో కుస్తీ పట్టడం వృథా. స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోవాలి, లేదా ఐపీవీ6కి వెళ్ళాలి, లేదా ఇంట్లోంచే బయటి సర్వర్‌కి దారి తెరిచి ఉంచే టైల్‌స్కేల్, క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ వంటివి వాడాలి. చైనా కెమెరాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పనిచేసే పద్ధతి కూడా ఇదే. కెమెరా తనే కంపెనీ సర్వర్‌ని పట్టుకుని వేలాడుతుంది. సుఖమే, కాకపోతే మన వాకిట్లోకి దారి ఇంకెవరి చేతిలోనో ఉంటుంది.

ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు ఊరుకోవాలి

చిరునామా తెలిసింది. నిమిషానికోసారి చెప్పేస్తే సరిపోదా? సరిపోదు. ఉచిత సర్వర్ మీద లక్షల రౌటర్లు నిమిషానికోసారి విరుచుకుపడితే అది నిలవదు. అందుకే మారనిదాన్ని పదేపదే చెప్పేవాళ్ళకి ముందు 'నో ఛేంజ్' వస్తుంది, తర్వాత 'అబ్యూజ్' అని వస్తుంది, ఆ తర్వాత ఆ పేరు మూతపడుతుంది. '911' వచ్చినప్పుడు కనీసం అరగంట ఆగి రమ్మని నో-ఐపీ అనే డైనమిక్ డీఎన్ఎస్ సర్వీసు తన నియమాల్లో రాసుకుంది. చేతగాని ప్రోగ్రామ్ అయితే జవాబు చదవకుండా వెంటనే మళ్ళీ తలుపు కొడుతుంది. బాగా రాసింది ఊరుకోవడం కూడా తెలిసినదై ఉంటుంది.

మరీ ఊరుకున్నా ప్రమాదమే. కొన్ని ఉచిత సేవలు చాలాకాలం అలికిడి లేని పేర్లని తీసేస్తాయి. ఆరునెలలు చిరునామా మారని డీహెచ్‌సీపీ ఇంటికి అలా చెడ్డరోజు రావచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దీనికి మధ్యేమార్గం పెట్టుకుంది: మామూలుగా పది నిమిషాలకోసారి చిరునామా మారిందేమో చూసుకుంటుంది, మారితే చెబుతుంది, మారకపోయినా 72 గంటలకోసారి ఒకసారి చెప్పి వస్తుంది. ఇంటర్నెట్ లింకు లేచిన క్షణంలో విడిగా ఒకసారి పరుగెడుతుంది కాబట్టి, కరెంటు వచ్చాక ఆ పది నిమిషాలూ కాచుకోనక్కర్లేదు.

'మారిందా' అని తెలియాలంటే దేనితో పోల్చాలి? కిందటిసారి చెప్పిన అంకెని రౌటర్ ర్యామ్‌లో పెట్టుకుంటే రీస్టార్ట్‌తో పోతుంది. ఫ్లాష్ మెమరీలో రాసుకుంటే గుర్తుంటుంది, కానీ ఆ మెమరీకి రాతల లెక్క పరిమితం, ఊరికే రాస్తూ పోకూడదు. డీఎన్ఎస్‌నే అడిగి చూసుకోవడం నాకు నచ్చిన పద్ధతి: "నా పేరుకి ఎదురుగా ఇప్పుడేముంది?" మన గుర్తుని కాక, లోకం చూసేదాన్ని చూస్తుంది కదా. ఒక మెలిక ఉంది. అడిగేది దారిలో జవాబులు దాచుకునే సర్వర్‌ని అయితే, అది టీటీఎల్ తీరేదాకా పాతదే చెబుతుంది. రౌటర్ "అయ్యో, ఇంకా మారలేదు" అని మళ్ళీ చెప్పబోతుంది. అందుకని నేరుగా ఆ పేరుకి బాధ్యత వహించే సర్వర్‌నే అడిగితే మేలు.

కరెంటు కోతల దేశానికి ప్రత్యేకమైన తంటా ఇంకోటుంది. ఇళ్ళ రౌటర్లు చాలావాటిలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే తేదీ 1970 జనవరి 1కో, సాఫ్ట్‌వేర్ తయారైన రోజుకో వెనక్కెళ్ళిపోతుంది. ఇంటర్నెట్ దొరికాక ఎన్‌టీపీ సర్వర్‌ని అడిగి సరిచేసుకుంటుంది. ఇప్పుడు డైనమిక్ డీఎన్ఎస్ సర్వర్‌తో మాట్లాడాల్సింది హెచ్‌టీటీపీఎస్ మీద. అవతలి సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. 1970లో ఉన్న రౌటర్ దాన్ని చూసి "ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు" అని మాట్లాడటం మానేస్తుంది. చిరునామా సరైనదే, పాస్‌వర్డ్ సరైనదే, గడియారం వల్ల పని ఆగింది. గడియారం దిద్దుకున్నాక మళ్ళీ ప్రయత్నించే తెలివి ప్రోగ్రామ్‌కి ఉంటే ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుంది. లేకపోతే తరవాతి తనిఖీ దాకా వేచి ఉండాల్సిందే. పాత రౌటర్లకి ఈ బాధ లేదు, ఎందుకంటే అవి పాస్‌వర్డ్‌ని తాళమే లేని హెచ్‌టీటీపీలో పంపేవి! సులువుగా పనిచేసినవన్నీ మంచివని అనుకోనక్కర్లేదు.

రౌటర్ తన పని సక్రమంగా చేసినా అవతలివాడు వినకపోవచ్చు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. డాలస్‌లో లాప్‌టాప్‌లో ఇంటి పేరు ఇచ్చి వైర్‌గార్డ్ ఆన్ చేస్తే, అది ఆ పేరుని ఒక్కసారి, మొదలైనప్పుడే, అంకెగా మార్చుకుంటుంది. తర్వాత పేరుని మర్చిపోతుంది. మధ్యలో తెనాలిలో చిరునామా మారితే, డీఎన్ఎస్‌లో ఎంత శుభ్రంగా దిద్దినా ఆ లాప్‌టాప్ పాత అంకెకే ఉత్తరాలు రాస్తూ కూర్చుంటుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరి. మనిషి లేనిచోట, రెండు ఇళ్ళ రౌటర్లని వైర్‌గార్డ్‌తో కలిపినప్పుడు, పేరుని మళ్ళీ మళ్ళీ అడిగే చిన్న స్క్రిప్టు పెట్టుకోవాలి. ఆ సాఫ్ట్‌వేర్‌తోపాటే అలాంటి స్క్రిప్టొకటి ఇస్తారు, చాలామందికి అది ఉందనే తెలియదు.

ఐపీవీ6లో చిరునామా 128 బిట్లు. కరువు లేదు, నాట్ లేదు, ఇంట్లో ప్రతి వస్తువుకీ సొంత పబ్లిక్ చిరునామా. మన దేశం దీని వాడకంలో ప్రపంచంలో ముందువరసలో ఉంది. 2016లో జియో వచ్చాక ఊపందుకున్న మొబైల్ డేటా ఇందుకు పెద్ద కారణం. మరి చిక్కు తీరిందా? రూపు మారింది. కంపెనీ ఇంటికి ఇచ్చేది చిరునామాలో ముందు సగం. అది సెషన్ మారితే మారవచ్చు. వెనక సగాన్ని ఏ వస్తువుకి ఆ వస్తువే ఎంచుకుంటుంది. ఇక్కడ రౌటర్ అలవాటుగా తన చిరునామానే రాయించి వచ్చిందంటే, కెమెరా కోసం వచ్చినవాళ్ళు రౌటర్ గడపలో నిలబడతారు. రాయించాల్సింది కెమెరా చిరునామా: రౌటర్‌కి తెలిసిన ముందు సగానికి కెమెరా వెనక సగాన్ని అతికించి పంపాలి, లేదా కెమెరా ఉన్న కంప్యూటరే వెళ్ళి చెప్పుకోవాలి. ఆ కంప్యూటర్ మళ్ళీ గోప్యత కోసమని రోజుకో తాత్కాలిక చిరునామా వేసుకుని బయట తిరుగుతుంది. "నేను ఏ చిరునామాతో వచ్చాను" అని వెబ్‌లో అడిగితే వచ్చే జవాబు ఆ తాత్కాలికమైనదే. ఐపీవీ4లో బయట అడగడం మంచిదనుకున్నాం. ఇక్కడ అదే సలహా తిరగబడుతుంది. స్థిరమైనదాన్ని లోపలే చూసి ఎంచుకోవాలి. ఆ తర్వాత రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్కదానికీ దారి తెరవాలి.

పేరు పెట్టాక తలుపు

చిరునామా అందరికీ తెలిసేలా చేశాం కాబట్టి ఎవరైనా రావచ్చు. "మా ఇంటి పేరు ఎవరికి తెలుసు" అనుకోవడం అమాయకత్వం. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జెడ్‌మ్యాప్ అనే సాధనంతో, గిగాబిట్ కనెక్షనున్న ఒక్క కంప్యూటర్ నుంచి, మొత్తం ఐపీవీ4 ఇంటర్నెట్‌ని 45 నిమిషాల్లోపు తట్టి చూడొచ్చని నిరూపించారు. పేరు అక్కర్లేదు, అంకెలు తడుతూ పోతే చాలు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ చేసింది అదే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనీ డీవీఆర్‌లనీ రౌటర్లనీ వెతికి పట్టుకుని సైన్యం కట్టింది. ఆ అక్టోబర్ 21న ఆ సైన్యం ఒక డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటివి అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ కంపెనీ పేరు డిన్. వుస్టర్ విద్యార్థుల ఉచిత సేవ పెరిగి పెద్దదై అయిన కంపెనీయే. ఇళ్ళలోని యంత్రాలకి బయటినుంచి దారి చూపడంతో పుట్టిన సంస్థని, ఇళ్ళలోని యంత్రాలే వచ్చి కొట్టాయి. డిన్ అప్పటికే, 2014 మేలో, ఉచిత సేవ ఆపేసింది. 2016 నవంబర్‌లో ఒరాకిల్ దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది.

కాబట్టి కెమెరా పోర్టుని, డీవీఆర్ వెబ్‌పేజీని నేరుగా బయటికి తెరవడం నా దృష్టిలో తప్పుడు పని, పాస్‌వర్డ్ ఎంత పొడుగైనా సరే. ఆ పెట్టెల్లో సాఫ్ట్‌వేర్‌ని అమ్మినవాడు మళ్ళీ తిరిగి చూడడు. తెరవాల్సింది వీపీఎన్ పోర్టు ఒక్కటి. వైర్‌గార్డ్ తాళంచెవి లేనివాడికి "ఎవరది" అని కూడా అడగదు, నోరు మెదపదు; తట్టినవాడికి అక్కడ తలుపున్నట్టే తెలియదు. లోపలికొచ్చాక కెమెరా, ఫైళ్ళు, ప్రింటరు అన్నీ ఇంట్లో ఉన్నట్టే దొరుకుతాయి. పేరు దిద్దడానికి రౌటర్‌లో పెట్టే తాళంచెవిని కూడా ఆ ఒక్క పేరుకే పనికొచ్చేలా తీసుకోవాలి. సొంత డొమైన్ మొత్తాన్ని మార్చగల పాస్‌వర్డ్‌ని మూడువేల రూపాయల పెట్టెలో పెట్టడం ఎవరికీ మంచిది కాదు.

పేరు ఎవరిదన్నది కూడా చూసుకోవాలి. ఉచిత సేవలో పేరు వాళ్ళ డొమైన్ కింద అద్దెకున్నట్టు. 2014 జూన్ చివర్లో మైక్రోసాఫ్ట్, మాల్‌వేర్ ముఠాలు వాడుతున్నాయంటూ అమెరికా కోర్టు ఉత్తర్వుతో నో-ఐపీ డొమైన్లు కొన్నింటిని తన అధీనంలోకి తీసుకుంది. మాల్‌వేర్‌తోపాటు ఏ పాపం ఎరగని లక్షల పేర్లు కూడా రాత్రికి రాత్రి పలకడం మానేశాయి. కొద్దిరోజుల్లో డొమైన్లు తిరిగొచ్చాయి, ఇద్దరూ రాజీపడ్డారు. ఏడాదికి కొన్ని వందలు పెట్టి సొంత డొమైన్ కొనుక్కుని, అందులోని పేరుని ఉచిత సేవలోని పేరు వైపు తిప్పుకుంటే, రేపు సేవ మారినా డాలస్‌లో ఏమీ మార్చుకోనక్కర్లేదు.

అంతా పెట్టాక పరీక్షించే తీరు మీదే ఫలితం ఆధారపడుతుంది. ఇంటి వైఫై మీదుండి ఇంటి పేరు కొట్టి చూడటం పరీక్ష కాదు. లోపల ఉన్నవాడు బయటి చిరునామాతో తన ఇంటికే రావాలంటే రౌటర్ ఆ ప్యాకెట్‌ని వెనక్కి మలపగలగాలి. చాలావాటికి అది రాదు, అన్నీ బాగున్నా తెరుచుకోదు. వచ్చినవాటిలో బయట దారి మూసి ఉన్నా తెరుచుకుంటుంది. ఫోన్లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద చూడాలి. ఒకసారి పనిచేశాక ఫైబర్ బాక్స్‌ని, రౌటర్‌ని రెండింటినీ స్విచ్ బోర్డు దగ్గర ఆపి, అయిదు నిమిషాలాగి వేయాలి. లైట్లన్నీ స్థిరపడ్డాక వాన్ ఐపీ ఎంతో, పేరుకి ఎదురుగా డీఎన్ఎస్‌లో ఎంతుందో పక్కపక్కన రాసుకోవాలి. మొదటి నిమిషంలో తేడా ఉంటే కంగారక్కర్లేదు, అది టీటీఎల్. పావుగంట తర్వాత కూడా తేడా ఉంటే రౌటర్ లాగ్ తెరిచి ముందు తేదీ చూడాలి, తర్వాత సర్వర్ చివరిగా చెప్పిన మాట ఏమిటో చూడాలి.